బిందెడు గాలిని కుట్టడం

“కొత్త రగ్గు కప్పుకున్నా తెల్లవారుజామున చలి పెడుతుంది. పాత చీరలతో కుట్టిన బొంత కప్పుకుంటే పెట్టదు. ఎందుకంటారు?”

నారాయణఖేడ్‌లో చలికాలం గడిపినవాళ్ళకు ఈ ప్రశ్న రాకపోతేనే వింత. డిసెంబరు, జనవరి నెలల్లో వాతావరణ వార్తలు వినేవాళ్ళకు ఇదే సంగారెడ్డి జిల్లాలోని కోహీర్ పేరు నోటికి వచ్చేసి ఉంటుంది. రాష్ట్రంలో ఎక్కడ పది డిగ్రీల లోపు పడిపోయిందని చెప్పినా ఆ జాబితాలో ఆ ఊరు ఉంటుంది. అలాంటి చలిలో ఇంటింటా కనిపించేది బొంత.

1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే ఒకే వీధిలో ఒకే వస్తువుకు మూడు పేర్లు వినిపిస్తాయి. తెలుగు ఇంట్లో బొంత, కన్నడం మాట్లాడే ఇంట్లో కౌది, మరాఠీ ఇంట్లో గోధడి. కుట్టుపని మాటలు మాత్రం అందరివీ ఉర్దూ నుంచి వచ్చినవే. టాకా (కుట్టు), అస్తర్, కాజా, రఫూ. పత్రికల్లో మాత్రం బొంత ఒక తిట్టు. పొసగని పార్టీలు నాలుగు కలిసి ప్రభుత్వం పెడితే ‘అతుకుల బొంత’ అని రాస్తారు. ఆ మాట రాసేవాళ్ళు బొంత కుట్టడం ఎన్నడూ చూసి ఉండరు. బొంత అంత తొందరగా విడిపోదు.

మేము అద్దెకున్న ఇంటి అరుగు మీద ఒక అవ్వ బొంత కుట్టేది. ముందు నేల ఊడ్చి, అన్నింటికంటే మంచి చీరను పరిచేది. దాని మీద చిరిగినవి, చిన్నవి, చొక్కా వీపులు, ధోతి ముక్కలు ఎగుడుదిగుళ్ళు లేకుండా పేర్చేది. పైన మళ్ళీ ఒక మంచి చీర. నాలుగు అంచులూ మడిచి, తానే బొంత మీద కూర్చుని, తన బరువుతోనే గుడ్డ కదలకుండా నొక్కిపెట్టి, ఇంత పొడుగు సూదితో వరస వెంట వరస కుడుతూ పోయేది. “ఎన్ని చీరలు పట్టినయి అవ్వా?” అంటే, “ఆరు. మా కోడలిదొకటి, నాయివి అయిదు” అనేది. ఆ ఆరు చీరలతోనే మొదలుపెడదాం.

బిందెలో గుడ్డ ఎంత, గాలి ఎంత

ఒక నూలు చీర అరకిలో బరువు అనుకుంటే ఆరు చీరలు మూడు కిలోలు. వాటితో రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు బొంత కుట్టామనుకుందాం. మందం అర సెంటీమీటరు. ఈ బొంత మొత్తం ఎంత చోటు ఆక్రమిస్తుందో లెక్క కడితే 15 లీటర్లు వస్తుంది. అంటే ఒక మామూలు స్టీలు బిందెడు.

ఇప్పుడు ఆ బొంతలోని పత్తిని, మధ్యలో ఒక్క సందు కూడా లేకుండా ఇటుకలా అదిమేయగలిగామనుకోండి. పత్తి పదార్థం నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్ళలో వేసిన గుడ్డ పూర్తిగా తడిశాక మునిగిపోవడానికి కారణం అదే. ఆ లెక్కన మూడు కిలోల పత్తి రెండు లీటర్ల చోటుకు మించదు. పదిహేనులో రెండు తీసేస్తే పదమూడు. అంటే అవ్వ వారం రోజులు కూర్చుని కుట్టిన దాంట్లో గుడ్డ రెండు లీటర్లు, మిగతా పదమూడు లీటర్లూ గాలే.

వెచ్చదనం ఆ గాలిదే. నిద్రపోతున్న మనిషి ఒంటి నుంచి 70, 80 వాట్ల వేడి వస్తూనే ఉంటుంది. పాతకాలపు గుండు బల్బు ఒకటి మంచం మీద వెలుగుతూ పడుకున్నట్టు. బొంత సొంతంగా ఏ వేడినీ పుట్టించదు, ఈ వేడి గదిలోకి పారిపోకుండా నెమ్మది చేస్తుంది, అంతే. నమ్మకం కుదరకపోతే ఐసు అమ్మే బండి దగ్గర నిలబడి చూడండి. ఎండాకాలంలో ఐసు దిమ్మ మీద గోనెసంచి కప్పుతారు. గోనెకు వేడి పుట్టించే గుణం ఉంటే ఐసు ఇంకా తొందరగా కరిగిపోవాలి. గోనె చేసేది ఒక్కటే పని, వేడిని అటు నుంచి ఇటు రానీయదు, ఇటు నుంచి అటు పోనీయదు. బొంత అలాంటిదే. ఐసు మీద బొంత కప్పినా ఐసు నిలుస్తుంది.

గాలి వేడిని చాలా నిదానంగా మోస్తుంది. నీరు దానికంటే ఇంచుమించు 25 రెట్లు వేగంగా మోస్తుంది. అయితే ఈ నిదానం కదలని గాలికే. ఇంట్లోని గాలి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. వెచ్చబడ్డ గాలి పైకి లేస్తుంది, చల్లనిది కిందికి దిగుతుంది, వేడి దాంతో పాటే వెళ్ళిపోతుంది. ఆ గాలిని చిన్న చిన్న సందుల్లో బంధిస్తే తిరగడానికి చోటుండదు. మిల్లీమీటరు, అరమిల్లీమీటరు సందులో గాలి కదలలేక ఆగిపోతుంది. దీన్ని ‘కట్టుబడ్డ గాలి’ అందాం. బొంతలో రెండు చీరల మధ్య సందు, రెండు పోగుల మధ్య సందు, ఒక్క పోగులోని నూలు పోచల మధ్య సందు, అన్నీ ఇలాంటి గాలి గదులే.

బొంత తడిస్తే ఎందుకూ పనికిరాకపోవడం కూడా ఇందుకే. గాలి ఉన్న చోటల్లా నీరు చేరుతుంది, ఇరవై అయిదు రెట్ల దారి తెరుచుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి బొంతను ఎండలో వేసి కర్రతో దులపడం ఊరికే దుమ్ము కోసం చేసే పని కాదు. రాత్రంతా పీల్చిన చెమట తేమ పోతుంది, ఒంటి బరువుకు అణగిపోయిన గదులు మళ్ళీ విచ్చుకుంటాయి. ఎండలో వేసిన బొంత సాయంత్రానికి కాస్త ఉబ్బినట్టు కనపడుతుంది. కాలేజీ రోజుల్లో అది నా భ్రమ అనుకునేవాణ్ణి.

చీర ముసలిదైతే

మరి కొత్త గుడ్డ పొరలతో కుడితే ఇంతే వెచ్చగా ఉండదా? ఉంటుంది, కాస్త తక్కువగా. తేడా ఎక్కడుందంటే కొత్త చీర బిరుసుగా ఉంటుంది, పాతది మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం ఏమిటి?

పత్తి పోచ ఒక గింజ మీద మొలిచిన ఒకే ఒక్క జీవకణం. పొడవు ఒక అంగుళం అటూ ఇటూ. మందం మన తల వెంట్రుకలో నాలుగో వంతో అయిదో వంతో. కాయ పగిలి ఎండకు ఆరినప్పుడు ఈ పోచ ఉబ్బిన గొట్టంలా ఉండక చప్పబడి మెలి తిరుగుతుంది, ఎండిన చిక్కుడు తొడిమలా. కొత్త గుడ్డలో ఈ పోచలన్నీ గట్టిగా పురిపెట్టి, పైన గంజి పూసి, ఇస్త్రీ పెట్టి పరేడులో నిలబెట్టినట్టు ఉంటాయి. ఉతికిన కొద్దీ గంజి పోతుంది. పురి సడలుతుంది. పోచల కొనలు రాపిడికి తెగి, పైకి లేచి, సన్నని నూగులా నిలుస్తాయి. ఆ నూగే చేతికి మెత్తగా తగులుతుంది. నూగు మధ్య గాలి నిలుస్తుంది.

కాబట్టి మెత్తదనం అరుగుదలకే ఇంకో పేరు. చీర ఎంత మెత్తబడితే అంత బలం పోగొట్టుకుందని లెక్క. చీరగా కట్టుకోవడానికి గుడ్డకు లాగుడు తట్టుకునే బలం కావాలి. వంగినప్పుడు, కూర్చున్నప్పుడు, మెట్టెక్కినప్పుడు అది బిగుసుకుంటుంది. ఆ బలం అయిపోయిన రోజున చీర రిటైరవుతుంది. కానీ సరిగ్గా ఆ రోజుకే దానిలో గాలిని పట్టుకునే గుణం బాగా ముదిరి ఉంటుంది. బొంతలో ఏ పొరా ఒంటరిగా లాగుడు మోయాల్సిన పని లేదు. పది పొరలు పంచుకుంటాయి. చీరగా ఓడిపోయిన గుడ్డ బొంతగా అప్పుడే పనిలోకి దిగుతుంది. ఇది నాకు ఏ పుస్తకం చదివితేనో తెలియలేదు. అవ్వ ఒక చీరను చేత్తో నలిపి, “ఇంక జెర ముదరాలె, పండుగ దాకా కట్టుకుంట” అని పక్కన పెట్టినప్పుడు అర్థమైంది.

చీర చిరిగే పద్ధతి చూడండి. బట్టల కొట్టులో సేటు జాకెట్టు గుడ్డకు కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో సర్రున చింపుతాడు. నిట్టనిలువుగా చిరుగుతుంది. గాటు లేకుండా చింపమంటే ఇద్దరు మనుషులు లాగినా చిరగదు. గాటు లేనప్పుడు లాగుడు వందల పోగుల మీద సమానంగా పడుతుంది. గాటు పెట్టాక మొత్తం లాగుడు ఆ గాటు కొసన ఉన్న ఒకటి రెండు పోగుల మీదికి వచ్చి పడుతుంది. అవి తెగగానే పక్కవాటి మీదికి. గుంపుగా ఉన్నవాళ్ళను ఒక్కొక్కర్నీ పక్కకు పిలిచి కొట్టడం లాంటిది. చిన్న చిల్లును వదిలేస్తే పెద్దది కావడం ఇలాగే. రఫూ చేసేవాడు చిల్లు పైన గుడ్డ అతికించడు. తెగిన పడుగు, పేకల స్థానంలో సూదితో కొత్త పోగులు నేసి, కొసన ఒంటరిగా మిగిలిన పోగుకు మళ్ళీ గుంపును ఇస్తాడు.

పత్తికి ఇంకో విచిత్ర గుణం ఉంది. తడిస్తే దాని బలం పెరుగుతుంది. నీరు తాగిన పోచ ఉబ్బి లోపలి పొరలు సర్దుకుంటాయి, లాగుడు అన్నింటి మీదా సమంగా పడుతుంది. చాకిరేవు బండ మీద ఏళ్ళ తరబడి బాదినా నూలు చీరలు బతికి బట్టకట్టింది ఇందువల్లే. ఉన్ని ఇందుకు ఉల్టా, తడిస్తే బలం తగ్గుతుంది. గొంగడిని బండకేసి బాదకపోవడం మంచిదే.

గుంజకు చుట్టిన పలుపు

ఇప్పుడు అసలు ప్రశ్న. బొంతలో జిగురు లేదు, మేకులు లేవు. చీరలోనూ లేవు. అంగుళం పొడవు పోచలు అయిదున్నర మీటర్ల చీరగా ఎలా నిలబడ్డాయి? ఒక్క పోచ కూడా చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళదు. మధ్యలో ఎక్కడా ముడి లేదు. లాగితే జారిపోవాలి కదా?

1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో తాడు గురించి ఇదే అడిగాడు. పొట్టి జనప నారలతో పేనిన తాడు అంత బరువు ఎలా మోస్తుందని. పురి పెట్టడంలోనే మర్మముందన్నాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ళు గడిచాక, 2018లో వారెన్, బాల్, గోల్డ్‌స్టెయిన్ అనే ముగ్గురు భౌతిక శాస్త్రజ్ఞులు బట్టలు ఎందుకు విడిపోవో లెక్క కట్టి ఒక పరిశోధన పత్రం రాశారు. శాస్త్రం అంటే రాకెట్లే అనుకునేవాళ్ళకు ఈ సంగతి చెప్పడం నాకు సరదా.

మర్మం రాపిడిలో ఉంది. దాన్ని చూడాలంటే పశువుల కొట్టంలోకి వెళ్ళాలి. ఎద్దును గుంజకు కట్టేటప్పుడు రైతు పలుపును గుంజ చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి కొసను చేత్తో ఊరికే పట్టుకుంటాడు. ఎద్దు ఎంత గుంజినా కొస కదలదు. ఎద్దు బలం ఎక్కడికి పోయింది?

పలుపు గుంజను ఒరుసుకున్న ప్రతి చోటా కొంత లాగుడు ఆగిపోతుంది. మిగిలిన లాగుడు ముందుకు పోతుంది. తర్వాతి చోట ఆ మిగిలిన దాంట్లో మళ్ళీ కొంత ఆగుతుంది. అప్పిచ్చినవాడి వడ్డీ లెక్కను తలకిందులు చేస్తే ఇదే. అసలు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ పెరిగినట్టు, ఇక్కడ చుట్టు మీద చుట్టు తగ్గుతూ పోతుంది. అందుకే దీన్ని ‘చక్రవడ్డీ రాపిడి’ అని పిలుద్దాం. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితజ్ఞుడు దీని సూత్రం కనిపెట్టాడు. ఒక మోస్తరు గరుకు ఉంటే, ఒక్క చుట్టుకు చేతి బలం ఆరున్నర రెట్లయినట్టు పనిచేస్తుంది. రెండు చుట్లకు 43 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు. ఎద్దు ఓడిపోయేది రైతు బలానికి కాదు, చుట్ల లెక్కకు.

ఇప్పుడు అవ్వ టాకాను దగ్గరగా చూద్దాం. దారం గుడ్డ మీద గోధుమ గింజంత దూరం పడుకుంటుంది. అక్కడ వంగి లోపలికి దిగుతుంది. అటువైపు వంగి, కింద మళ్ళీ గింజంత దూరం వెళుతుంది. అక్కడ వంగి పైకి ఎక్కి, పైన మళ్ళీ వంగి పడుకుంటుంది. ఒక టాకా పూర్తయ్యేసరికి నాలుగు మలుపులు. నాలుగు మూలలూ కలిపితే ఒక పూర్తి చుట్టు. అంటే ప్రతి టాకా గుంజకు ఒక చుట్టు వంటిది. గుడ్డ గుంజంత గట్టిది కాదు, మలుపు మరీ పదునుగా ఉండదు కాబట్టి లెక్క కొంత తగ్గించుకోవాలి. అయినా పది టాకాల వరస అంటే పది చుట్ల దగ్గర దగ్గర. బొంత అంచు పట్టి లాగితే ఆ లాగుడు పది టాకాల అవతలి దారపు కొసకు చేరేసరికి ఏమీ మిగలదు. అవ్వ దారం అయిపోయినప్పుడు ముడి వేసేది కాదు. రెండు టాకాలు వెనక్కి కుట్టి, పళ్ళతో కొరికి తెంపేసేది. ఇది ఊడిపోతుందేమో అవ్వా అంటే, “ఊడదు. నువ్వే గుంజి చూడు” అనేది. నేను గుంజి చూశాను. ఊడలేదు.

ఒక పోగులో నూలు పోచలూ ఇంతే. పురి ఉన్న పోగును లాగితే పోచలు ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి. లాగిన కొద్దీ పట్టు బిగుస్తుంది. పడుగు పోగు పేక పోగు పైనా కిందా వంగినప్పుడు ఇంకో మలుపు. బొంత అంటే పోచలో పోచ, పోగులో పోగు, పొరలో పొర, అన్నీ ఒకదాన్నొకటి చుట్టుకున్న గుంజలే.

మరి టాకాలు ఎంత దగ్గరగా వెయ్యాలి? దగ్గరగా వేస్తే గట్టిదనం పెరుగుతుంది, కానీ ప్రతి టాకా దగ్గరా బొంత అణిగి గాలి తగ్గుతుంది. దూరంగా వేస్తే గాలి ఎక్కువ, కానీ లోపలి ముక్కలు జరిగిపోతాయి. బెంగాలీల బొంత కాంతాలో వరసలు చాలా దగ్గర, అందుకే అది పలచగా, అల అలగా ఉంటుంది. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు అద్దాలతో వేసే టాకాలు వేరే కథ, అక్కడ దారమే గుడ్డంత మందం. మన అవ్వ రెండు వరసల మధ్య రెండు వేళ్ళ సందు ఉంచేది. కొలిచేది వేళ్ళతోనే.

సూది మొనకు కన్ను

చేతి సూదికి కన్ను వెనక ఉంటుంది. ఎముకతో చేసిన అలాంటి సూదులు సైబీరియా గుహల్లో 40,000 ఏళ్ళ కిందటివి దొరికాయి. అంటే మనిషి బట్ట నేయడం నేర్చుకునే ముందే తోళ్ళు కుట్టుకోవడం నేర్చుకున్నాడు. అన్ని వేల ఏళ్ళూ కన్ను అక్కడే ఉంది. మిషను తయారు చేయాలనుకున్నవాళ్ళకు అదే అడ్డం పడింది. సూది మొత్తం గుడ్డ గుండా అవతలికి పోయి మళ్ళీ రావాలంటే ఇనుప చెయ్యి ఒకటి అటువైపు కూర్చుని పట్టుకోవాలి.

1830లో థిమోనియే అనే ఫ్రెంచి దర్జీ గొలుసు కుట్టు వేసే మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది తమ కూడు పోతుందని పారిస్ దర్జీలు గుంపుగా వచ్చి ఆయన మిషన్లు విరగ్గొట్టారు. గొలుసు కుట్టు మీకు తెలిసిందే, బియ్యం బస్తా మూతి కుట్టు. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు మొత్తం ఊడి వస్తుంది. తప్పు కొస పట్టుకుంటే కత్తెర కోసం వెతకాలి. ప్రతి ఉచ్చును తర్వాతి ఉచ్చు ఒక్కటే పట్టుకుని ఉంటుంది కాబట్టి చివరిది వదిలితే అన్నీ వదులుతాయి.

1846లో అమెరికాలో ఎలియాస్ హౌ కన్నును సూది మొన దగ్గరికి తెచ్చి, కింద రెండో దారం పెట్టిన మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. గోడకు అటొకరు ఇటొకరు నిలబడ్డారనుకోండి. ఒకరు తాడును మడిచి చిల్లు గుండా ఉచ్చులా అవతలికి దూరుస్తారు. అవతలివారు తమ తాడును ఆ ఉచ్చులోంచి దాటిస్తారు. ఇవతలివారు వెనక్కి లాగుతారు. ఇదే ‘పట్టు కుట్టు’, లాక్ స్టిచ్. అవతలి మనిషి పనిని షటిల్ చేస్తుంది, ఆయన తాడు బాబిన్‌లో ఉంటుంది. రెండు దారాలు మెలిపడే చోటు గుడ్డ మందం మధ్యలో పడాలి. పై దారం వదులైతే కింద గుబురు కడుతుంది, “టెన్షన్ సరిగ్గా లేదు” అని దర్జీ మిషను తల మీద స్క్రూ తిప్పుతాడు. సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు తీసుకుని ఇంటింటికీ చేర్చాడు. యంత్రాల మీద అంత అనుమానమున్న గాంధీజీ కూడా 1924లో కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు.

నేను ఒకసారి తెలివిగా బొంతను మిషను మీద కుట్టబోయాను. అయిదో పొర దాటగానే సూది విరిగింది. రెండోసారి మందపాటి సూది వేసి, టాకా చిన్నది పెట్టి కుట్టాను. కుట్టింది. కానీ పాదం గుడ్డను అదిమి అదిమి కుట్టడం వల్ల బొంత అట్టముక్కలా తయారైంది. దగ్గర దగ్గరగా చిల్లులు పడి, తపాలా బిళ్ళల షీటులా ఒక వరస వెంట పై చీర చినిగింది కూడా. తప్పు మిషనుది కాదు. రెండు పొరల జాకెట్టును గట్టిగా పట్టడానికి పుట్టిన కుట్టును, గాలిని వదులుగా పట్టాల్సిన చోట పెట్టాను.

విప్పి మళ్ళీ అల్లితే

జాకెట్టు అనగానే ఇంకో ప్రశ్న. “క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి బాగా పడుతుంది, నిలువు కటింగ్ పట్టదు, గుడ్డ అదే కదా?” గుడ్డ అదే, లాగే దిక్కు వేరు. నేసిన గుడ్డను పడుగు వెంట లాగితే పోగే సాగాలి, పత్తి పోగు పెద్దగా సాగదు. ఏటవాలుగా లాగితే పోగు సాగక్కర్లేదు, పడుగు పేకల మధ్య చదరపు గళ్ళు వాలి వజ్రాకారం అవుతాయి. బ్యాంకు ముందుండే మడత గేటు తెరిచి మూసినట్టు. అందుకే పాత చీరతో జాకెట్టు కుట్టుకునేవాళ్ళు కొంగు వైపు గట్టి గుడ్డ వెతికి, దాన్ని ఏటవాలుగా పరిచి కోస్తారు. గుడ్డ ఎక్కువ పోతుంది, కానీ పాత గుడ్డను బిగుతుగా లాగి చింపే గొడవ తప్పుతుంది.

అల్లిన గుడ్డ ఇంకా సులువు. బనియన్ చూడండి. అందులో దారం నిటారుగా లేదు, ఉచ్చులో ఉచ్చు దూరి ఉంది. లాగితే ఉచ్చు ఆకారం మారుతుంది, గుండ్రటిది పొడుగవుతుంది, దారం సాగనవసరం లేదు. వదిలితే మళ్ళీ గుండ్రబడుతుంది. స్వెటర్ కూడా అంతే. ఒక తరం కిందట మన ఇళ్ళలో మధ్యాహ్నం ఎండలో కూర్చుని రెండు సూదులతో స్వెటర్లు అల్లేవారు. పిల్లవాడు పెరిగితే స్వెటర్‌ను పారేయరు. గొలుసు కుట్టులాగే కొస దొరికించుకుని మొత్తం విప్పుతారు. విప్పిన ఉన్ని స్ప్రింగులా వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, తడిపి, ఆరబెట్టి, మళ్ళీ అల్లుతారు.

తడిపితే వంకర ఎందుకు పోతుంది? రాత్రి తడి జుట్టుతో జడ వేసుకుని పడుకున్న అమ్మాయిని అడగండి. పొద్దున జడ విప్పితే జుట్టు అలలు అలలుగా ఉంటుంది, నీళ్ళు పడితే పోతుంది. జుట్టులోనూ ఉన్నిలోనూ ఉన్న కెరాటిన్ పోగులు పక్కపక్కన చేతులు పట్టుకుని ఉంటాయి. ఈ పట్లలో కొన్ని చాలా బలహీనమైనవి, నీరు తగలగానే వదిలేస్తాయి, ఆరగానే అప్పుడున్న ఆకారంలో మళ్ళీ పట్టుకుంటాయి. శాస్త్రజ్ఞులు హైడ్రోజన్ బంధాలంటారు, మనం ‘నీటికి వదిలే పట్టు’ అందాం. ఇస్త్రీకి ముందు చొక్కా మీద నీళ్ళు చిలకరించేదీ ఇందుకే. పత్తిలోనూ ఇవే పట్లు.

ఉన్నికి మాత్రం పత్తికి లేనిదొకటి ఉంది, పోచ పొడవునా పొలుసులు. గడ్డి కంకిని చొక్కా చేతిలో పెట్టుకుని ఆడుకున్నారా చిన్నప్పుడు? చెయ్యి ఆడించిన కొద్దీ అది పైకే పాకుతుంది, వెనక్కి రాదు. వేడి నీళ్ళలో ఉన్ని నలిగితే పోచలు అలాగే ఒకదాంట్లోకి ఒకటి ఒకే దిక్కుకు పాకి చిక్కుపడతాయి, స్వెటర్ ఇక విడదీయలేనంతగా ముడుచుకుంటుంది. స్వెటర్‌కు అది చావు. కురుమలు నేసే గొంగడికి అదే ప్రాణం. దక్కనీ గొర్రెల బిరుసు ఉన్నిని గుంట మగ్గం మీద నేసి, చింత గింజల గంజి పట్టించి చేసే ఆ గొంగడి దట్టంగా ఉండి, వాన చినుకును చాలాసేపు లోపలికి రానీయదు. బొంత చలికి, గొంగడి చలికీ వానకీ.

జారిపోయే చీరలు

ఇప్పుడు బొంతకు వచ్చే చీరలు మారాయి. నూలు చీర కట్టే అవ్వలు తగ్గారు, ఇళ్ళలో పాతబడేవన్నీ పాలిస్టర్‌వే. గాలిని అవీ పట్టుకుంటాయి, ఆ లెక్కలో పెద్ద లోటు లేదు. గొడవ రెండు చోట్ల. పాలిస్టర్ పోచ నున్నగా గాజు కడ్డీలా ఉంటుంది, చక్రవడ్డీ రాపిడిలో వడ్డీ రేటు తగ్గిపోయినట్టు. పొరలు జారతాయి, టాకాలు దగ్గరగా వెయ్యాలి. రెండోది తేమ. మామూలు గాలిలో పత్తి తన బరువులో 7, 8 శాతం దాకా నీటిని తనలో దాచుకుంటుంది, ఉన్ని 16 శాతం దాకా. పాలిస్టర్ అర శాతం కూడా దాచుకోదు. రాత్రి ఒంటి నుంచి వచ్చిన తేమకు లోపలికి పోయే దారి లేక చర్మం మీదే నిలుస్తుంది, బొంత జిడ్డుగా తగులుతుంది. పైగా చలికాలపు పొడి గాలిలో రాత్రిపూట లాగితే చిటపటలాడుతుంది, చీకట్లో నిప్పురవ్వలు కూడా కనిపిస్తాయి. పొయ్యి పక్కన ఇది ఇంకా ప్రమాదం. నూలు కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

అవ్వ దీనికి తన లెక్క తాను వేసుకుంది. రంగు కోసం పాలిస్టర్ చీర పై పొరగా ఒక్కటే. ఒంటికి తగిలే వైపు ఎప్పుడూ నూలే. మధ్యలో నూలు దొరక్కపోతే పాత లుంగీలు, పిల్లల స్కూలు చొక్కాలు. అవి కూడా చేతిలో నలిపి, చెవి దగ్గర పెట్టి, గరగరమంటే పక్కన పడేసేది.

ఊరు వదిలి వచ్చే ముందు నా టెరికాట్ ప్యాంట్లు రెండు తీసుకెళ్ళి ఇచ్చాను. బొంతలో వేస్తుందనుకున్నాను. అవ్వ ఒకదాన్ని తీసి నలిపింది. చెవి దగ్గర పెట్టుకుంది. నా మొహం చూసింది.

“గిది బొంతకు పనికిరాదు బిడ్డా” అంది. “మంచిగ మందముంది. గడపకాడ కాళ్ళు తుడుసుకోనీకి కుట్టుకో.”